ఆటా, చదువూ: హాస్టల్ బిడ్డకు రెండూ కావాలి



"ఒకే ఒరలో రెండు కత్తులు ఇమడవు" అని పెద్దలు అంటారు. హాస్టల్‌లో ఉంటూ ఆటల్లో పేరు తెచ్చుకుంటున్న ప్రతి విద్యార్థీ, ప్రతి విద్యార్థినీ ఈ మాట ఏదో ఒక రోజు వినే ఉంటారు. కాలేజీలో లెక్చరర్ అంటారు. తోటి స్నేహితులు అంటారు. ఇంట్లో అమ్మ ఇంకోలా అంటుంది: "చదువుకోరా నాయనా అని పంపిస్తే గ్రౌండ్‌లో కాళ్ళు అరగదీసుకుంటా ఉండావా?" ఆ ప్రశ్నలో కోపం కంటే భయమే ఎక్కువ. ఆ భయాన్ని మేము తేలిగ్గా తీసుకోము. మా ఇళ్ళలో డిగ్రీ పట్టా అందుకున్న మొదటి తరం మేమే. ఆ పట్టా వెనుక అమ్మానాన్నల కూలి రోజులు ఎన్ని ఉన్నాయో మాకు తెలుసు. పరుగు పందెంలో ఓడిపోతే వచ్చే ఏడు మళ్ళీ పరుగెత్తవచ్చు. చదువు మధ్యలో ఆగిపోతే తర్వాత ఏం చేయాలో చెప్పేవాళ్ళు మా ఇళ్ళలో లేరు.

అయినా ఈ సంచికలో మేము చెప్పదలచుకున్నది ఒకటే. ఆటకూ చదువుకూ వైరం లేదు. వైరమంతా వాటి టైంటేబుళ్ళ మధ్య ఉంది. టైంటేబుల్ రాసేది మనుషులే కాబట్టి దాన్ని మార్చడమూ మనుషుల చేతిలో పనే. ఆ పని జరగనంత కాలం "ఆటా? చదువా? ఏదో ఒకటి తేల్చుకో" అని పిల్లలను అడగడం న్యాయం కాదు.

ఈ చిక్కు పూర్తిగా బయటపడేది చలికాలంలో. మన తిరుపతి, చిత్తూరు ప్రాంతానికి అక్టోబర్ నుంచి డిసెంబర్ వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. 2021 నవంబర్‌లో తిరుపతి వీధులు ఏరులై పారిన సంగతి ఎవరూ మరిచిపోలేదు. అంత పెద్ద వాన ప్రతి ఏడూ రాకపోయినా, ఆ నెలల్లో మన మట్టి గ్రౌండ్లు మాత్రం ప్రతి ఏడూ బురదే. వాన వెనకబడగానే మంచు, చలి. మదనపల్లె వైపు ఇంకా ఎక్కువ. సరిగ్గా ఈ రోజుల్లోనే డిగ్రీ సెమిస్టర్ పరీక్షలు వస్తాయి. ఈ రోజుల్లోనే కాలేజీల మధ్య పోటీలు, అందులో ఎంపికైన వాళ్ళకు ఆ వెంటనే యూనివర్సిటీల మధ్య పోటీలు. అంటే ఏడాది మొత్తంలో ఎక్కువ చదవవలసిన వారాలూ, ఎక్కువ సాధన చేయవలసిన వారాలూ ఒక్కచోటే వచ్చి పడతాయి.

దీనికి తోడు వెలుతురు తక్కువ. డిసెంబర్ నెలాఖరుకు తిరుపతిలో పొద్దు పొడిచేసరికి ఉదయం ఆరున్నర దాటుతుంది. సాయంత్రం ఆరు గంటల లోపే పొద్దు గూకుతుంది. మన హాస్టళ్ళలో ఉదయం అయిదున్నర నుంచి ఏడు వరకు స్టడీ అవర్. తర్వాత స్నానానికి వరుస, టిఫిన్‌కు వరుస, బస్సు, కాలేజీ. నాలుగున్నరకు కాలేజీ వదిలితే గ్రౌండ్ చేరేసరికి అయిదు. మిగిలేది ముప్పావు గంట వెలుతురు. ఆ లోపే హాస్టల్‌లో సాయంత్రం హాజరు. ఆడపిల్లల సంగతి చెప్పనక్కరలేదు. చీకట్లో గేటు తెరవరు. అది వాళ్ళ క్షేమం కోసమే, కాదనం. కానీ తోడు ఎవరు వెళ్ళాలి, గ్రౌండ్‌లో లైటు ఎవరు వెయ్యాలి అని ఆలోచించకుండా గేటు మూసేస్తే, నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఆ అమ్మాయి సాధనే ఆగిపోతుంది. తర్వాత పోటీలో వెనుకబడితే "ఆడపిల్లలకు పట్టుదల తక్కువ" అంటారు. పట్టుదల ఉంది. గంట వెలుతురే లేదు.

మన రాష్ట్రంలోనే జరిగిన ఒక సంగతి చూద్దాం. విశాఖపట్నం అమ్మాయి జ్యోతి యర్రాజీ పేరు ఇవాళ అందరికీ తెలుసు. సెక్యూరిటీ గార్డు కూతురు. 2020 జనవరిలో, అంటే మనం మాట్లాడుకుంటున్న ఈ చలికాలపు పోటీలలోనే, కర్ణాటకలోని మూడబిద్రిలో జరిగిన అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీలలో ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం తరఫున ఆమె 100 మీటర్ల హర్డిల్స్‌ను 13.03 సెకండ్లలో ముగించింది. అప్పటి జాతీయ రికార్డు 13.38 సెకండ్లు. అది 2002లో అనురాధా బిశ్వాల్ నెలకొల్పినది. అయినా జ్యోతి పరుగును జాతీయ రికార్డుగా గుర్తించలేదు. అక్కడ డోప్ పరీక్ష జరగలేదు, అథ్లెటిక్స్ సమాఖ్య సాంకేతిక ప్రతినిధి లేరు అన్నవి కారణాలు. ఆమె పేరు మీద రికార్డు రావడానికి 2022 మే నెల దాకా, సైప్రస్‌లోని లిమాసోల్‌లో 13.23 సెకండ్లలో పరుగెత్తే దాకా ఆగవలసి వచ్చింది. ఆ తర్వాత 2023లో చెంగ్డులో జరిగిన ప్రపంచ విశ్వవిద్యాలయ క్రీడల్లో 12.78 సెకండ్లతో కాంస్య పతకం, 2024లో పారిస్ ఒలింపిక్స్.

జ్యోతి గొప్పతనం గురించి అందరూ చెబుతారు. మేము చెప్పదలచింది వేరు. మూడబిద్రిలో ఆమె చేయవలసింది ఆమె చేసింది. ఆ పరుగు లెక్కలోకి రావడానికి కావలసిన ఏర్పాటు చేయవలసిన వాళ్ళు వేరే. మన హాస్టల్‌లో ఉదయం బురద గ్రౌండ్‌లో పరుగెత్తి వచ్చిన తమ్ముడికి టిఫిన్ అయిపోయిందంటే, అతని పరుగు కూడా లెక్కలోకి రాకుండా పోయినట్లే. పోటీకి వెళ్ళి వచ్చిన చెల్లెలికి ఆ వారం హాజరు పడకపోతే అదీ అంతే. మాలోనే ఒకరు డిగ్రీ చదివే రోజుల్లో, పోటీకి వెళ్ళిన వారంలోనే కాలేజీలో ఇంటర్నల్ పరీక్ష పెట్టారు. పతకం తెచ్చినందుకు ప్రార్థన సమావేశంలో చప్పట్లు కొట్టారు. ఇంటర్నల్‌లో మాత్రం సున్నా మార్కులు అలాగే ఉండిపోయాయి. చప్పట్లు మార్కుల జాబితాలో కనబడవు గదా!

ఏర్పాటు సరిగా ఉంటే ఏం జరుగుతుందో కూడా మనకు తెలుసు. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులే. పూర్ణకు అప్పటికి 14 ఏళ్ళు కూడా నిండలేదు. భువనగిరి బండల మీద, డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో వాళ్ళకు శిక్షణ ఇప్పించారు. ఆ పిల్లల ఇళ్ళూ మన ఇళ్ళలాంటివే. కాకపోతే అక్కడ సాధనను పిల్లల సొంత గోలగా వదిలేయలేదు. సంస్థే దాన్ని తన పనిగా చేపట్టింది. మనం ఎవరెస్ట్ అడగడం లేదు. ఉదయం ఒక గంట, పక్కన పెట్టిన ఒక గిన్నె టిఫిన్ అడుగుతున్నాం.

మేము కోరేవి పెద్ద ఖర్చుతో కూడినవి కావు. మొదటిది క్యాలెండర్. జూన్‌లో కాలేజీలు తెరిచినప్పుడే వార్డెన్ గారు, కాలేజీ పి.డి. సారు, ఆటలాడే విద్యార్థులు ఒక్కసారి కూర్చోవాలి. పరీక్షల వారాలు, పోటీల వారాలు ఒక కాగితం మీద రాసుకోవాలి. ఎక్కడ రెండూ ఢీకొంటాయో ఆర్నెల్ల ముందే కనబడుతుంది. రెండోది, గ్రౌండ్‌కు వెళ్ళేవాళ్ళకు ఉదయం స్టడీ అవర్ బదులు రాత్రి భోజనం తర్వాత స్టడీ అవర్ పెట్టి, దానికీ హాజరు వేయాలి. చదువు గంటలు తగ్గించమని మేము అడగడం లేదు, జరపమని అడుగుతున్నాం. మూడోది, ఆడపిల్లలు గ్రౌండ్‌కు వెళ్ళడానికి వారానికి కనీసం నాలుగు రోజులైనా తోడు మనిషి, వెలుతురు. నాలుగోది తిండి.

తిండి గురించి కొంచెం లెక్క వేద్దాం. 50 కిలోల బరువుండి రోజూ గట్టిగా సాధన చేసే పిల్లవాడికి రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఒక కోడిగుడ్డులో ఉండేది సుమారు 6 గ్రాములు. గుడ్డు ఇచ్చాము, బలం వచ్చేస్తుంది అనుకుంటే సరిపోదు. అలాగని బజారులో డబ్బాల్లో అమ్మే పొడులు కొనే స్తోమత మనకు లేదు, ఆ అవసరమూ లేదు. మన జిల్లా పండించే చెనక్కాయలు ఉన్నాయి. 100 గ్రాముల చెనగ్గింజల్లో సుమారు 25 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. ఉలవల్లో 20 గ్రాములకు పైనే. రాగుల్లో సున్నం, అంటే కాల్షియం, 100 గ్రాములకు సుమారు 350 మిల్లీగ్రాములు. మన అవ్వాతాతలు చలికాలం పొద్దున పొలానికి పోయే ముందు రాగి సంగటి, చెనక్కాయల ఊరిబిండి, ఉలవ గుగ్గిళ్ళు తిన్నది ఊరికే కాదు. రాత్రి నానబెట్టిన పిడికెడు చెనగ్గింజలు, కొంచెం బెల్లం గ్రౌండ్ నుంచి వచ్చిన పిల్లలకు ఇవ్వడం ఏ హాస్టల్‌కూ మోయలేని భారం కాదు.

ఇక తమ్ముళ్ళకూ, చెల్లెళ్ళకూ మేము చెప్పేది. హక్కులు అడిగే ముందు మన వంతు మనం చేయాలి. చలిలో లేచీ లేవగానే వేగంగా పరుగెత్తకండి. చలికి కండరాలు బిగుసుకుని ఉంటాయి, అదాటున లాగితే పట్టేస్తాయి. పదిహేను, ఇరవై నిమిషాలు నెమ్మదిగా నడిచి, జాగింగ్ చేసి, చేతులు కాళ్ళు ఊపి ఒళ్ళు వెచ్చబడ్డాకే వేగం పెంచండి. చెమట పట్టిన బనీనుతో మంచులో కూర్చోకండి. చలికాలంలో దాహం తెలియదు, కానీ చెమట పోతూనే ఉంటుంది, కాబట్టి గుర్తుపెట్టుకుని నీళ్ళు తాగండి. గ్రౌండ్ బురదైతే సాధన మానేయనక్కరలేదు. వరండాలో తాడాట, గుంజీళ్ళు, దండీలు, హాస్టల్ మెట్లు ఎక్కి దిగడం చాలు. మెట్లు తడిగా ఉంటే మాత్రం వద్దు. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోతే పూర్తిగా పడుకోకండి. రెండు మూడు వారాలు ఆపేస్తే తెచ్చుకున్న దమ్ము తగ్గడం మొదలవుతుంది. రోజు మార్చి రోజు ఊరి బాటన అరగంట పరుగెత్తినా దాన్ని నిలబెట్టుకోవచ్చు. వారానికి ఒక రోజు విశ్రాంతి తీసుకోండి. నిద్ర మాత్రం తగ్గించకండి. పరీక్షల ముందు రాత్రంతా చదివి, తెల్లవారుజామున పరుగెత్తితే చదువూ నిలవదు, కాలూ నిలవదు.

పోటీకి వెళ్ళే ముందే పి.డి. సారు సంతకంతో లెటర్ తీసుకుని డిపార్ట్‌మెంట్‌లో ఇచ్చి, దాని జిరాక్సు దగ్గర పెట్టుకోండి. వచ్చాక అడిగితే "ముందే ఎందుకు చెప్పలేదు?" అంటారు. 75 శాతం హాజరు లెక్క నెల నెలా మీరే చూసుకోండి.

కాలేజీ ఎంపికలో కూడా జాగ్రత్త అవసరం. ఇంటర్ తర్వాత ఏ కోర్సు అని అడిగినంతగా, ఆ కాలేజీకి గ్రౌండ్ ఎంత దూరం, పి.డి. ఉన్నారా, హాస్టల్ నుంచి బస్సు ఉందా అని ఎవరూ అడగరు. ఆటగాళ్ళకు ఇవి సిలబస్ అంత ముఖ్యం. ఆటలో పతకం రాకపోతే ఆ శ్రమ అంతా వృథా అనుకోవద్దు. మన రాష్ట్రంలో కానిస్టేబుల్ ఉద్యోగానికి 1600 మీటర్ల పరుగు ఉంది. బి.పి.ఇడి. చేయాలంటే పి.ఇ.సెట్‌లో పరుగు, గుండు విసరడం ఉన్నాయి. కానీ ఈ దారుల్లో దేనికైనా చేతిలో ఇంటరో, డిగ్రీయో ఉండాలి. ఆట చదువుకు బలం ఇస్తుంది, చదువు ఆటకు నీడ ఇస్తుంది.

మన ఎర్రావారిపాలెం మండలం పల్లె నుంచి వచ్చిన హాకీ గోల్‌కీపర్ ఇ. రజనిని చూడండి. వడ్రంగి బిడ్డ. సవితా పునియా మొదటి గోల్‌కీపర్‌గా ఉన్న భారత జట్టులో ఏళ్ళ తరబడి రెండో గోల్‌కీపర్‌గా ఉన్నారు. గోల్‌కీపర్ స్థానం ఒక్కటే. మైదానంలోకి పిలుపు వస్తుందో రాదో తెలియకపోయినా ఒంటిని రోజూ సిద్ధంగా ఉంచుకోవాలి. అలా ఉంచుకున్నారు కాబట్టే 2018 జకార్తా ఆసియా క్రీడల్లో రజతం, 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో కాంస్యం గెలిచిన జట్లలో ఆమె ఉన్నారు. అవకాశం రాకముందే సిద్ధంగా ఉండడం అంటే అదీ.

మన హాస్టళ్ళ నుంచి అందరూ రజనిలూ, జ్యోతులూ కాలేరు. కానవసరం లేదు కూడా. కానీ ఆడగలిగిన బిడ్డ, చదవగలిగిన బిడ్డ ఒక గంట వెలుతురు లేకో, ఒక పూట టిఫిన్ అందకో రెండిట్లో ఒకటి వదులుకోవడం మన కళ్ళ ముందు జరగకూడదు. వార్డెన్ గార్లు, ప్రిన్సిపాళ్ళు, అధికారులు ఈ సంచిక చదివితే మా మనవి ఒక్కటే. ఈ జూన్‌లో ఆ ఒక్క కాగితం, ఆ ఒక్క క్యాలెండర్ రాయించండి. కత్తులు రెండూ మంచివే. ఒరనే కొంచెం వెడల్పుగా చేయండి.