కొత్త భవనమునకు ముందు కొత్త అలవాటు

మన ప్రాంతములో ఏ ఆసుపత్రికైనను కొత్త భవనము వచ్చునను వార్త పుట్టగానే మనము మొదట అడుగు ప్రశ్న "ఎన్ని పడకలు?" అని. రెండవది "ప్రారంభోత్సవమునకు ఎవరు వచ్చుచున్నారు?" అని. "అందులో పనిచేయబోవు వారికి ఆ భవనము ముందుగా అలవాటైనదా?" అను మూడవ ప్రశ్నను అడుగువారు అరుదు. ఈ వారము మేము ఆ మూడవ ప్రశ్ననే మన సభ్యుల ముందుంచదలచితిమి.

2021 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ప్రారంభించిన ఆరోగ్య మౌలిక సదుపాయముల పథకములో, ప్రాణాపాయస్థితిలోనున్న రోగుల కొరకు జిల్లాలలో 50 మొదలు 100 పడకల వరకు గల ప్రత్యేక విభాగములను కట్టుట ఒక ముఖ్యాంశము. ఇది మెచ్చదగిన పనియే. పద్మపూర్ వారమైన మనకు జబ్బు ముదిరినచో గుణుపూర్, రాయగడ, కోరాపుట్, బిస్సంకటక్, తుదకు విశాఖపట్నములోని కింగ్ జార్జి ఆసుపత్రి, ఇవియే గదా దిక్కు! ఈ దారిలో ఎక్కడ అత్యవసర విభాగము కొత్త భవనములోనికి మారినను అది మన ఇంటి సంగతియే.

మేము వర్తకులము. మా అనుభవమునే చెప్పెదము. మా దుకాణమును ఒక వీధి నుండి మరియొక వీధికి మార్చినప్పుడు, ఏండ్ల తరబడి ఎడమచేతి వైపు తూనికరాళ్లకు పోయిన చేయి కొత్తచోట కూడ ఎడమకే పోయెడిది. అక్కడ గోడ తప్ప మరేమియు లేదు. పద్దు పుస్తకము ఒక మూటలో, దాని తాళపుచెవి మరియొక మూటలో చిక్కుకొనినవి. గుమాస్తా పప్పు కొరకు పోయి బెల్లము తెచ్చెను. బేరగాండ్రు నవ్విరి, కొందరు విసుగుకొని పోయిరి. మాకు కలిగిన నష్టము అంతమాత్రమే. పప్పు ఆలస్యమైనందున ఎవరికిని ప్రాణము పోలేదు.

ఆసుపత్రి సంగతి అట్టిది కాదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా దగ్గరి బంధువొకరిని ఆయాసముతో ఒక పట్టణములోని ఆసుపత్రికి తీసుకొనిపోయితిమి. ఆ విభాగము కొత్త భవనములోనికి మారి నాలుగు దినములే అయినది. నేల అద్దమువలె మెరయుచుండెను. ఆక్సిజన్ సిలిండరు ఎదుటనే ఉండెను. దానిని విప్పు స్పానరు మాత్రము పాత భవనములో ఉండిపోయెను. అటెండరు పరుగెత్తి పోయి తెచ్చునంతలో మా బంధువు పెదవులు నల్లబడినవి. దైవానుగ్రహము వలన ఆయన బ్రతికెను. ఆ అటెండరును మేము తప్పుపట్టము. ఆ గదిలో ఒక్కసారియైనను సిలిండరు విప్పి చూడుమని అతనికి ఎవరును చెప్పియుండలేదు.

మన ప్రాంతమునకు బాగుగా తెలిసిన పాముకాటునే ఉదాహరణముగా తీసుకొందము. విషము రక్తమునకెక్కినదో లేదో తెలిసికొనుటకు, కొంచెము రక్తమును శుభ్రమైన, పొడిగానున్న గాజుగొట్టములో పోసి 20 నిమిషములు కదపక ఉంచి, గడ్డకట్టినదా లేదా అని చూచెదరు. విరుగుడు మందు అవసరమైనచో మొదటి విడతలోనే 8 నుండి 10 సీసాలు కావలెను. ఆ మందు కొందరికి పడదు గనుక దానికి ప్రతిక్రియయగు ఇంజెక్షను ప్రక్కనే సిద్ధముగా నుండవలెను. ఇప్పుడు ఆలోచింపుడు. గాజుగొట్టము ఏ అరలో నున్నది? మందు ఏ గదిలో నున్నది? అర్ధరాత్రి ఆ గది తాళము ఎవరి యొద్ద నున్నది? ఈ మూడింటికి నర్సు కన్నులు మూసికొని సమాధానము చెప్పగలిగిననాడే ఆ భవనము తెరచుటకు సిద్ధమైనదని మా అభిప్రాయము.

ఒక్క రోగి వచ్చినప్పటి మాట ఇది. ఒక్కసారిగా పలువురు వచ్చినచో? 2017 జనవరి 21వ తేదీ రాత్రి రాయగడకు సమీపమునగల కూనేరు స్టేషను వద్ద హిరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి సుమారు 40 మంది మరణించిన సంగతి మనమెవరమును మరువలేదు. గాయపడినవారిని ఆ రాత్రియే రాయగడకును, పార్వతీపురమునకును చేర్చిరి. అట్టి రాత్రి ఎవరిని ముందు చూడవలెనో, ఎవరు కొంతసేపు ఆగగలరో ద్వారము వద్దనే తేల్చి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గుర్తులు వేయవలసియుండును. ఎర్రగుర్తు రోగి ట్రాలీ ఏ త్రోవను పోవలెను? మలుపు వద్ద అది తిరుగునా? కరెంటు పోయినచో జనరేటరును ఎవరు నడుపుదురు? ఇవి ఆ రాత్రి నేర్చుకొను పాఠములు కావు.

మారుటకు వ్యవధి దొరకుటయే ఒక భాగ్యము. 2020 జూలైలో హైదరాబాదు ఉస్మానియా ఆసుపత్రి పాత భవనములోని వార్డులలోనికి వాననీరు చొచ్చినప్పుడు రోగులను ఉన్నపళముగా వేరు భవనములకు మార్చవలసివచ్చినది. వాన ఎవరికిని గడువీయదు. కాని కొత్త భవనమునకు గడువు ముందుగనే తెలిసియుండును. తెలిసికూడ ఆ దినములను రంగులు వేయుటకును, శిలాఫలకము చెక్కించుటకును మాత్రమే వినియోగించుట వివేకము కాదు.

"ఉన్న పనికే సిబ్బంది చాలరు. ఇక శిక్షణకు తీరిక ఎక్కడిది?" అని అధికారులనవచ్చును. ఆ మాటలో నిజమున్నది. కాని మేము కోరునది నెలల చదువు కాదు. ప్రారంభమునకు ముందు రెండు మూడు వారములు, వంతుల మార్పు వేళ అరగంట చొప్పున, డాక్టరు మొదలు స్వీపరు వరకు, కాపలావాడు, అంబులెన్సు డ్రైవరు సహా, అందరు కలిసి ఒక ఉత్తుత్తి రోగిని ద్వారము నుండి పడక వరకు తీసుకొనిపోవలెను. తట్టుకొన్న ప్రతి తప్పును పుస్తకములో వ్రాసి, మరునాడు సరిదిద్దవలెను. సిబ్బంది తక్కువగా నున్నచోటనే ఇది మరింత అవసరము. వెదకుటలో పోవు పది నిమిషములు అక్కడ ఎవరు తిరిగి ఇత్తురు?

ఇందులో భాష ప్రసక్తి కూడ కలదు. మన ఆసుపత్రులకు ఒడియా, తెలుగు, కుయి, సవర మాటలాడువారు వచ్చుచుందురు. "ఏమి కరచినది? ఎప్పుడు?" అను ప్రశ్నకు సమాధానము అర్థము కానిచో ఎంత గొప్ప భవనమైనను మూగదియే. కావున అభ్యాసములోని ఉత్తుత్తి రోగులలో కొందరు ఒడియా రానివారై యుండవలెను. తెలుగు బోర్డు కావలెనని మన సంఘములో కొందరు పట్టుపట్టుచున్నారు. బోర్డు న్యాయమైన కోరికయే. కాని ఆయాసపడువాడు బోర్డు చదువడు. అతని మాట తెలిసిన మనిషి ఒక్కడు ద్వారము వద్ద నుండుట ముఖ్యము. ఈ సౌకర్యము మనకే గాక కుయి, సవర సోదరులకును కలుగవలెనని అడుగుటయే మనకు గౌరవము.

అడుగుట మాత్రమే కాదు, ఇచ్చుటయు మన ధర్మము. ఉత్తుత్తి రోగులుగా పడుకొనుటకును, మాట తిప్పి చెప్పుటకును మన యువకులలో ఇరువది మందిని సంఘము సిద్ధము చేయవలెనని మా సూచన. ప్రారంభదినమున దండలతో, మిఠాయిలతో అత్యవసర విభాగములో గుమికూడుటను మనమే మానవలెను. రోగి వెంట పది మంది లోనికి చొరబడు అలవాటును కూడ విడువవలెను. ఆ త్రోవ ట్రాలీది, మనది కాదు.

రాబోవు సంఘ సమావేశములో ఈ విషయమును తీర్మానరూపమున చేపట్టి, ఆసుపత్రి అధికారులకు సవినయముగా నివేదింపవలెనని కార్యవర్గమును కోరుచున్నాము. పేర్లు ఇవ్వదలచిన యువకులు మా దుకాణమునకు వచ్చి తెలుపవచ్చును. మొదటి ఉత్తుత్తి రోగిగా మా పేరును మేమే వ్రాసికొనుచున్నాము.