ప్రభు బల్ల దగ్గర వేరు కంచం లేదు



క్షయవ్యాధికి ఆరు నెలల మందులు పూర్తికావచ్చిన ఒక తల్లి ఆ మధ్య మా దగ్గరకు పరీక్షకు వచ్చింది. కఫంలో క్రిములు లేవు. దగ్గు తగ్గింది. బరువు మాత్రం పెరగలేదు. "ఏం తింటున్నావమ్మా?" అని అడిగాము. "అన్నీ పెడుతున్నారు సిస్టరమ్మా. వరండాలో నా కంచం వేరు, గ్లాసు వేరు. ఒక్కదాన్నే కూర్చుంటే ముద్ద దిగడం లేదు" అన్నది. సంస్కారపు ఆదివారం నాడు కూడా గుడిలో వెనుక చాప మీద కూర్చుని, బల్ల వేళకు లేచి బయటకు వెళ్లిపోతుందట. ఆమెను ఎవరూ పొమ్మనలేదు. రమ్మని కూడా ఎవరూ అనలేదు.

ఇందులో మా తప్పు కూడా ఉంది. మేము కొత్తగా ఉద్యోగంలో చేరిన రోజుల్లో, క్షయ రోగి కంచం, గ్లాసు వేరుగా ఉంచమని ఇంటివారికి చెప్పి పంపేవాళ్లం. ఆ మాట ఇళ్లలో ఇంకా మిగిలే ఉంది. కనుక దాన్ని సరిదిద్దవలసిన బాధ్యత కూడా మాదే.

క్షయ గాలి ద్వారా, ముఖ్యంగా దగ్గు ద్వారా సోకుతుంది. కంచం వల్ల, గ్లాసు వల్ల, కలిసి తినడం వల్ల సోకదు. మందులకు లొంగే క్షయ అయితే, క్రమంగా మందులు వేసుకున్న కొన్ని వారాలకే ఇతరులకు సోకే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఆ మొదటి వారాల్లో నోటికి గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. మందులకు లొంగని క్షయ అయితే డాక్టరు గారు చెప్పినట్టు చేయాలి. హెచ్.ఐ.వి. కూడా కలిసి భోంచేస్తే రాదు.

తిండి సంగతి చిన్నది కాదు. జార్ఖండ్‌లో జరిగిన ఒక పెద్ద అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. రోగికి మాత్రమే అదనపు ఆహారం ఇచ్చిన ఇళ్లకన్నా, ఇంటిల్లిపాదికీ ఇచ్చిన ఇళ్లలో కొత్తగా క్షయ రావడం సుమారు 39 శాతం తగ్గింది. నిక్షయ్ పోషణ్ యోజన కింద చికిత్స కాలంలో రోగికి నెలకు ఇచ్చే 500 రూపాయలను ప్రభుత్వం 2024 నవంబరు నుండి 1000 చేసింది. ఆ డబ్బుతో గుడ్లు, పప్పు, పాలు కొనవచ్చు. పక్కన కూర్చుని "ఇంకొంచెం తిను" అనే మనిషిని మాత్రం కొనలేము.

ప్రభు బల్లలో మనకు దొరికేది చిన్న రొట్టె ముక్క, ఒక్క గుక్క ద్రాక్షరసం. దానితో కడుపు నిండదు. మనమందరం ఒకే శరీరమనే మాటతో ప్రాణం నిండుతుంది. కొరింథు సంఘంలో కొందరు ముందే తిని తృప్తిపడుతుంటే కొందరు ఆకలితో ఉండిపోయారు. అది ప్రభువు భోజనమే కాదని పౌలు గారు గద్దించారు. మన ప్రభువు బేతనియలో కుష్ఠరోగి అని పిలువబడిన సీమోను ఇంట భోజనానికి కూర్చున్నాడు. ఆయన కూర్చున్న చోట మనం కూర్చోలేమా?

సంఘ కుటుంబాలకు మా మనవి ఇది. డాక్టరు గారు సరే అన్న రోజునే వరండాలోని కంచాన్ని లోపలికి తీసుకురండి. గుడిలో గిన్నె గురించి ఎవరికైనా భయముంటే అందరికీ చిన్న గిన్నెలు పెట్టండి, ఒక్కరికే వేరుగా పెట్టకండి. ప్రేమ విందులో జబ్బుపడి లేచినవారిని మీ పక్కనే కూర్చోబెట్టుకోండి. మందులు ఇవ్వడం మా పని. ఈ పని మీది.

ఆ తల్లి వచ్చే నెల మళ్లీ పరీక్షకు వస్తుంది. ఈసారి తూకం చూడకముందే, "ఎక్కడ కూర్చుని తింటున్నావమ్మా?" అని అడుగుతాము.

దేవుడు మీ ఇళ్లను, మీ భోజనపు బల్లలను దీవించును గాక. ఆమేన్.

– నర్సింగ్ సూపరింటెండెంట్