గోడకు రెండుసార్లు డబ్బులున్నాయి, మరి గూడేనికి?



తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, ఇవాళ ఒక లెక్క చూద్దాం. పెద్ద చదువుల లెక్కేం కాదు. సంతలో ఇప్పపువ్వు అమ్మే మన అవ్వ నోటితోనే వేసేసే లెక్క.

పోలవరం దగ్గర గోదారి అడుగున ఇసుకలో ఒక గోడ కట్టారు. డయాఫ్రం వాల్ అంటారు. దాదాపు 1.4 కిలోమీటర్ల పొడవు. పెద్ద డ్యామ్ కింద నుంచి నీళ్లు ఊరకుండా ఆపడానికి. 2018లో పూర్తయింది. ఖర్చు సుమారు 440 కోట్లు. కానీ వరదను ఆపాల్సిన కాఫర్ డ్యామ్ పూర్తి కాలేదు, ఖాళీలు వదిలేశారు. 2019, 2020 వరదల్లో గోదారి ఆ ఖాళీల్లోంచే దూకింది. ఇసుక కోసుకుపోయింది, పెద్ద పెద్ద గుంతలు పడ్డాయి, గోడ దెబ్బతింది.

వానాకాలం గోదారికి వరదొస్తుందని ఒడ్డున మేకలు కాసే పిల్లోడికి కూడా తెలుసు. వేల కోట్ల పని చేసేవాళ్లకు తెలీదా?

ఆ తర్వాత కొత్త గోడ చేపట్టారు. 2025 జనవరిలో పని మొదలైంది. ఖర్చు 990 కోట్లు. తప్పు మీదంటే మీదని పార్టీలు కొట్టుకుంటున్నాయి. కొట్టుకోనివ్వండి. మనం ఒక్కటే అడుగుదాం: నీళ్లలో కలిసిన ఆ సొమ్ము ఎవరి జేబులోంచి కక్కించారు?

ఇక మన లెక్క. పోలవరం కింద మునిగే ఆదివాసీ కుటుంబానికి పునరావాస ప్యాకేజీ 6.86 లక్షలు. పాడైన గోడ మీద పెట్టిన 440 కోట్లతో 6,400 కుటుంబాలకు ఆ ప్యాకేజీ ఇవ్వొచ్చు. కొత్త గోడ 990 కోట్లతో ఇంకో 14,400 కుటుంబాలకు. ఒక్క గోడ రెండుసార్లు కట్టే డబ్బుతో ఇరవై వేల కుటుంబాలు! మొత్తం నిర్వాసిత కుటుంబాలు లక్షా ఆరు వేలు. వాళ్లలో ఎక్కువమంది కోయలు, కొండరెడ్లు, మనవాళ్లే.

గోడ పాడైతే కొత్త అంచనాలు, కొత్త టెండర్లు, కొత్త బిల్లులు అన్నీ చకచకా వస్తాయి. గూడెం మునిగితే మాత్రం "నిధులు రాలేదు" అంటారు. కేంద్రం ఇవ్వలేదని రాష్ట్రం, లెక్కలు పంపలేదని కేంద్రం. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదారి 71 అడుగులు దాటింది. కూనవరం, వి.ఆర్.పురం, చింతూరు, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో మన జనం పిల్లల్ని చంకనేసుకుని గుట్టలెక్కారు. టార్పాలిన్ పట్టాల కింద తడుస్తూ రోజులు గడిపారు. అప్పుడు ఎవరూ అత్యవసర టెండరు పిలవలేదే!

2019 జనవరిలో 24 గంటల్లో 32 వేల ఘనపు మీటర్లకు పైగా కాంక్రీటు పోసి గిన్నిస్ రికార్డు కొట్టామని సంబరాలు చేసుకున్నారు. కాంక్రీటుకు రికార్డు ఉంది. ఒక్క గూడేన్ని ఆరు నెలల ముందే బాగా చూసుకుని తరలించామన్న రికార్డు ఉందా? ఆరు నెలలన్నది నా కోరిక కాదు. సాగునీటి ప్రాజెక్టుల్లో ముంపుకు ఆరు నెలల ముందే పునరావాసం పూర్తి చేయాలని 2013 భూసేకరణ చట్టంలోనే రాసి ఉంది.

యువకులకు ఇంకో దెబ్బ. సర్వే నాటికి 18 ఏళ్లు నిండలేదని పేరు జాబితాలో లేదు. ఏళ్లు గడిచాయి. ఆనాటి పిల్లలకు ఇవాళ పెళ్లయి పిల్లలున్నారు. అయినా కాగితం మీద ఇంకా నాన్న ఇంట్లో పిల్లలే! ఆలస్యం చేసింది వాళ్లు, నష్టం మనకా? ఆలస్యమైందని గోడ అంచనా పెంచినప్పుడు, ఆలస్యమైందని మన వయసు ఎందుకు పెరగదు?

"మీరు అభివృద్ధికి అడ్డం" అనేవాళ్లకు ఒక మాట. నీళ్ల కోసం చూస్తున్న రైతు మీద మనకు కోపం లేదు. గోదాట్లో కలిసింది ఆ రైతు కట్టిన పన్ను కూడా. దుబారా చేసినవాళ్లు దర్జాగా ఉన్నారు, పొదుపు మాత్రం మన పరిహారం దగ్గరే గుర్తొస్తుంది.

కాబట్టి ఊరికే షేర్ చేసి ఊరుకోవద్దు. గ్రామసభ పెట్టండి. మూడు తీర్మానాలు రాయండి. ఒకటి, ఊరు ఖాళీ చేసే రోజునే కటాఫ్ తేదీగా పెట్టి 18 నిండిన ప్రతి ఒక్కరికీ ప్యాకేజీ. రెండు, పూర్తి పునరావాసం అయ్యేదాకా నీళ్లు నిలపొద్దు. మూడు, పాత గోడ నష్టానికి బాధ్యులెవరో తేల్చి వసూలు చేయాలి. మీ ఊరి పేరున ఎంత మంజూరైంది, ఎంత ఖర్చయింది అని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. పది రూపాయల పని.

వాళ్ల లెక్కలు వాళ్ల దగ్గరుంటాయి. మన లెక్క మనమే రాసుకోవాలి.

మావ నాటే మావ రాజ్!