తాళం లేని పుస్తకం కావాలి

పల్లెల నుంచి డిగ్రీకి పోయిన మన పిల్లలకి కాలేజీలో వ్యాసం, ఉత్తరం రాయడం నేర్పుతామంటారు. జరిగేదేంటి? బజార్లో గైడు కొను, బట్టీ పట్టు, పరీక్షలో దించు. కొనలేని పిల్లాడు పక్కోణ్ణి బతిమాలుకోవాలి. అమ్మానాన్నల కూలి డబ్బులు గైడ్ల పాలు! ఇదేం చదువు?

దీనికి దారి ఉంది. 2002లో యునెస్కో సమావేశంలో ‘ఓపెన్ ఎడ్యుకేషనల్ రిసోర్సెస్’ అనే మాట పుట్టింది. ఎవరైనా ఊరికే చదువుకోవచ్చు, అచ్చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు అని రాసినవాళ్లే అనుమతిచ్చిన పాఠాలు ఇవి. వీటిని ప్రోత్సహించమని 2019లో యునెస్కో అన్ని దేశాలకూ చెప్పింది. అమెరికాలో కాలేజీ రచనా తరగతుల కోసం అధ్యాపకులు రాసిన ‘రైటింగ్ స్పేసెస్’ 2010 నుంచి ఉచితంగా దొరుకుతోంది.

అయితే ఉచితం ఒక్కటే చాలదు. మార్చుకునే హక్కు కావాలి. పేటకి మంచినీళ్లు రావడం లేదని అధికారికి అర్జీ ఎట్లా రాయాలో, శ్మశానం స్థలం ఆక్రమిస్తే పత్రికకి ఎట్లా రాయాలో మన పిల్లలకి కావాలి. పుస్తకం తెరిచి ఉంటే ఆ పాఠాలు మన మాస్టార్లే చేరుస్తారు.

మొదటి పాఠం మన చేతిలోనే ఉంది. 1936లో లాహోరు సభకి అంబేద్కర్ రాసిన ఉపన్యాసాన్ని పిలిచినవాళ్లే వద్దన్నారు. ఆయన సొంత ఖర్చుతో ‘కులనిర్మూలన’ అచ్చేశారు. 1500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి. ఎదుటివాడి వాదం ముందు చెప్పి, తర్వాత దాన్ని పోగుపోగుగా విప్పడం అందులో నేర్చుకోవచ్చు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ల దాకే కాపీహక్కు. బాబాసాహెబ్ 1956లో పోయారు. బతికుండగా ఆయన అచ్చేసిన రచనలు 2017 జనవరి 1 నుంచి అందరివీ. అనువాదాల హక్కు వేరు కాబట్టి మనమే కొత్తగా తెలుగు చేసి అందరికీ వదలాలి.

ఫోన్లో ఫైలు పడేసి ప్రభుత్వం చేతులు దులుపుకుంటానంటే ఒప్పుకోవద్దు. ఇంటికంతా ఒక్క ఫోనున్న పిల్లలు ఎప్పుడు చదవాలి? అచ్చేసి హాస్టళ్లకీ లైబ్రరీలకీ పంపాలి. రాసే మాస్టార్లకి, గెస్టు లెక్చరర్లకి డబ్బులివ్వాలి. వెట్టి మళ్లీ వద్దు. పాఠాలు ఎంచే కమిటీలో మనవాళ్లు కూర్చోవాలి.

సంఘాల అన్నలారా, అక్కలారా! స్కాలర్‌షిప్పుల కోసం ఇచ్చే మెమోరాండంలో ఈ మాట కూడా చేర్చండి. చదువు వింటే చెవుల్లో సీసం పొయ్యమన్న దేశం ఇది. ఇప్పుడు చదువుకి వేసిన తాళం పేరు ధర. దాన్ని మనమే తియ్యాలి.

జై భీమ్!