బండి లైటు మార్పిస్తున్నారా?

మొన్న కార్తీక సోమవారం గుడికి వెళ్లి వస్తున్నాం. మావారు బండి నడుపుతున్నారు, వెనకాల నేను. ఎదురుగా ఒక స్కూటరు, సూదుల్లా గుచ్చే తెల్ల లైటు వేసుకుని వచ్చింది. రెండు క్షణాలు మాకేమీ కనబడలేదు. ఆ కాస్తలోనే రోడ్డు దాటుతున్న ముసలావిడ మా హ్యాండిలుకు జానెడు దూరంలో తప్పించుకుంది. ఇంటికొచ్చాక కూడా నా కాళ్ల వణుకు తగ్గలేదు.

తీరా చూస్తే మా అబ్బాయి కూడా తన పాత స్కూటరుకు అలాంటి ఎల్‌ఈడీ బల్బే వేయించాడు! “దారి బాగా కనబడుతుందమ్మా” అన్నాడు. వాడికి కనబడుతుంది, నిజమే.

ఎల్‌ఈడీ చెడ్డదని కాదండీ. ఎల్‌ఈడీతోనే తయారైన బండికి లోపలి మెరిసే గిన్నె, అదే రిఫ్లెక్టరు, దానికి తగ్గట్టే ఉంటుంది. హాలోజెన్ బల్బుకని చేసిన గిన్నెలో ఎల్‌ఈడీ పెడితే వెలుగు పుట్టే చోటు మారి, రోడ్డు మీద పడాల్సింది చెదిరి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. అన్నం గిన్నెకి ఇడ్లీపాత్ర మూత పెడితే ఆవిరి నలువైపులా పోదూ, అలాగన్నమాట. పెద్దవయసు వాళ్ల కళ్లు తేరుకోవడానికి ఇంకా ఎక్కువ సేపు పడుతుంది.

ఇక మిణుకు సంగతి. కొన్ని పాత స్కూటర్లలో హెడ్‌లైటుకు కరెంటు బ్యాటరీ నుంచి కాక, నేరుగా ఇంజను దగ్గర్నుంచి ఆగి ఆగి వస్తుంది. హాలోజెన్ బల్బులో కాలిన తీగ అంతలో చల్లారదు కనక తేడా తెలీదు. ఎల్‌ఈడీ వెంటనే ఆరుతుంది. అందుకే బండి నెమ్మదిస్తే లైటు కొట్టుకుంటుంది. కొన్ని కార్ల వెనక లైట్లనైతే వెలుగు తగ్గించడానికి క్షణానికి వందలసార్లు ఆర్పి వెలిగిస్తారు. మనం చూపు తిప్పినప్పుడు అవి ఎర్రపూసల దండలా కనిపిస్తాయి. కంటిజబ్బేమోనని బెంగపడకండి.

మీ ఇంట్లో బండి సంగతి తేల్చుకోవాలంటే, చీకటి పడ్డాక గోడకు అయిదారు గజాల దూరంలో నిలబెట్టి డిమ్ లైటు వేయించండి. మీరూ వెనక ఎక్కి కూర్చోవాలి సుమా! వెనక బరువు పడితే లైటు పైకెత్తుకుంటుంది. వెలుగు చాలావరకు లైటు ఎత్తుకంటే కిందనే పడాలి. గోడ పైదాకా చిమ్మితే మెకానిక్కు దగ్గరికి పంపండి. 2017 ఏప్రిల్ నుంచి వచ్చిన కొత్త బళ్లకు లైటు ఆర్పే స్విచ్చే లేదు, ఇంజను ఆన్ చేస్తే వెలగాల్సిందే.

మావాడు సణుక్కుంటూనే పాత బల్బు మళ్లీ వేయించుకున్నాడు. కొత్తది నా పోపులడబ్బా పక్కన పడుంది. పారేయడానికి వాడికి మనసు రావట్లేదు.