విశ్వాసి రాస్తే కరపత్రమేనా?

క్రైస్తవుడైన తెలుగు రచయితకి రెండు వైపుల నుంచీ సలహాలొస్తాయి. చర్చిలో: "బాబూ, రాస్తే దేవుడి నామానికి మహిమ వచ్చేలా రాయి." అంటే చివరి పేజీలో తాగుబోతు మారుమనస్సు పొందాలి. సాహిత్య సభలో: "ఆ భక్తి అంతా పక్కన పెట్టి రాయి బాస్." ఇద్దరి లెక్కలోనూ విశ్వాసమంటే కథ మీద స్టిక్కరే. ఒకరు అతికించమంటారు, ఇంకొకరు పీకెయ్యమంటారు.

ఫ్లానరీ ఓకానర్‌ని చదివినవాళ్ళు ఈ మాట అనలేరు. అమెరికాలోని జార్జియాకి చెందిన కేథలిక్. పాతికేళ్ళకే లూపస్ జబ్బు, 1964లో 39 ఏళ్ళకే మరణం. మిల్లెడ్జ్‌విల్ దగ్గర తల్లి నడిపే పాడి ఫారంలో ఉంటూ, పొద్దున్నే చర్చిలో పూజకి వెళ్ళొచ్చి రాయడానికి కూర్చునేది. జబ్బు మిగిల్చిన ఓపిక రెండు మూడు గంటలే. ఆ గంటల్ని మాత్రం గట్టిగా కాపాడుకుంది. (మా ఐటీ వాళ్ళమైతే దీన్ని వెంటనే 'మార్నింగ్ రొటీన్' చేసి యాప్‌లో పెట్టేస్తాం.) ఇంత భక్తురాలి 'గుడ్ కంట్రీ పీపుల్' కథలో బైబిళ్ళు అమ్మే కుర్రాడు ఒకామె చెక్క కాలు ఎత్తుకుపోతాడు. ఏ సండేస్కూల్లో చెప్తారండీ ఈ కథ? అయోవాలో చదువుకునే రోజుల్లో ఆమె రాసుకున్న ప్రార్థనల నోటుబుక్కు 2013లో పుస్తకంగా వచ్చింది. అందులో తనని మంచి రచయితని చెయ్యమని దేవుణ్ణి మొహమాటం లేకుండా అడుగుతుంది. కథ బాగా కుదరడం కూడా ప్రార్థనలో అడగదగ్గ విషయమే ఆమెకి.

ఆదివారం చర్చికి వెళ్తాను, సోమవారం ఆఫీసుకి. నా కోడ్‌లో బగ్ దొరికితే "ప్రార్థన చేసుకునే రాశాను సార్" అంటే మా మేనేజర్ ఊరుకోడు. కథకి మాత్రం ఆ మినహాయింపు దేనికి?

అంత దూరం ఎందుకు, వినుకొండ జాషువా ఉన్నారు. 1941లో వచ్చిన 'గబ్బిలం' గురించి మాట్లాడని సభ లేదు, మాట్లాడాల్సిందే. కానీ 1964లో ఆయనకి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది 'క్రీస్తు చరిత్ర'కి. దాన్ని చదివినవాళ్ళు నాకు ఇద్దరు ముగ్గురు కూడా తగల్లేదు. మన అభ్యుదయవాదులకి అది మతం, చర్చివాళ్ళకి అది అర్థంకాని పద్యం. గుడిలోకి రానివ్వని మనిషి గోడుని గబ్బిలంతో శివుడికి పంపినవాడూ, క్రీస్తు కథని పద్యాల్లో కూర్చినవాడూ ఒక్కడే కదా. మనం సగం జాషువాని అటక మీద పెట్టేసి, మిగతా సగానికి జయంతులు చేస్తున్నాం.

ఈసారి జయంతికి ఎవరైనా 'క్రీస్తు చరిత్ర' మీద రాయండి. భక్తితో కాదు, కోపంతోనూ కాదు. ఏ పద్యం నిలబడిందో, ఎక్కడ చప్పబడిందో చెప్పండి చాలు.