యంత్రమునకు యజమాని యెవడు?

సొమ్మిచ్చి కొన్న యంత్రము చెడినప్పుడు దాని మూత తీసి చూచుట కొన్నవాని హక్కు. గడియారమునకును, బావిమీది పంపునకును ఈ న్యాయము నెవ్వరును కాదనరు. కంప్యూటరు తెరపై బొమ్మలను నడపు గ్రాఫిక్సు డ్రైవరుల విషయమున మాత్రము ఇది చిరకాలము చెల్లలేదు. ఇది నిపుణుల గొడవ, మనకేల యని కొందరనవచ్చును. మేమట్లు తలపము.

డ్రైవరనగా కెర్నెలునకును గ్రాఫిక్సు చిప్పునకును నడుమ పని నడపు ప్రోగ్రాము. దాని పనులలో మిక్కిలి చిక్కైనది మెమొరీ పంపిణీ. దీనిని పఠనమందిరముతో పోల్చి చెప్పుదుము. ఒకే గ్రంథమును ప్రాసెసరును, చిప్పును ఇరువురు పాఠకులవలె వాడుకొనుచుండును. అది యెందరి చేతనున్నదో రిజిస్టరులో లెక్కయుండును. లెక్క సున్నయైన పిమ్మటనే దానిని వేరొకరి కీయవలెను. పాఠకుడు వెడలిపోయినను పేరు కొట్టివేయనిచో బీరువాలు క్రమముగా ఖాళీయగును. యంత్రము మందగించి తుదకు నిలిచిపోవును. చిప్పింకను చదువుచుండగనే లెక్క తీరినదని యాస్థలమును మరియొకరి కిచ్చుట యింతకంటె ఘోరము. తెరపై పిచ్చిగీతలు పడును, లేదా కెర్నెలే కూలును. తప్పు జరిగిన చోటొకటి, బయటపడు చోటు వేరొకటి. నడుమ గంటలు గడచియుండవచ్చును.

లినక్సునందు ఈ లెక్క నడపుటకు ఇంటెలువారు కల్పించిన జెమ్ అను పద్ధతి 2008లోను, టీటీఎం అనునది 2009లోను కెర్నెలున చేరినవి. దోషములను పట్టు కాసాన్ అను సాధనము 2015లో వచ్చినది. అది యెనిమిది బైట్లకొక బైటు చొప్పున కాపలాలెక్క నుంచుకొని, విడిచిన స్థలమును కెర్నెలు మరల తాకిన తోడనే కేకవేయును. అయినను అది చూచునది ప్రాసెసరు తాకిడినే. చిప్పు తనంత తాను చేయు తాకిడి దానికి కానరాదు. అచ్చట మనుష్యుడు కూర్చుండి కోడు చదువవలసినదే. దోషము ఏ మార్పుతో దూరినదో తెలియనప్పుడు గిట్ బైసెక్టు అను మార్గము కలదు. సగము సగముగా వేరుచేయుచు పోయినచో వేయి మార్పులలో దోషి పది పరీక్షలకు దొరకును. కళాశాలా విద్యార్థి చేయగల పని యిది. కోడు చేతనుండవలెను, అంతియే.

చేత లేనప్పటి పాట్లు నూవో డ్రైవరు చరిత్రయందు చూడదగును. ఎన్విడియా సంస్థ తన చిప్పుల పత్రముల నీయలేదు. మూసియున్న డ్రైవరు చిప్పుతో జరుపు సంభాషణను స్వచ్ఛంద కార్యకర్తలు పొంచి విని, వ్రాసికొని, దాని భాషను నేర్చి నూవోను నిర్మించిరి. అది 2010లో కెర్నెలున చేరినది. ఇట్టి శ్రమను తపస్సనక యేమనవలెను? 2012లో ఫిన్లాండులోని యొక సభయందు లైనస్ టోర్వాల్డ్సు ఎన్విడియాను బహిరంగముగా దూషించెను. ఆ భాష మాకు రుచింపదు; కోపము మాత్రము న్యాయమైనదే. 2022 మే నెలలో ఆ సంస్థ కెర్నెలు భాగపు కోడును వెల్లడించినది. మంచిదే. కాని చిప్పులో నడచు ఫర్ము వేరు మూసియే యున్నది. సంస్థ సంతకము లేని దానిని చిప్పు స్వీకరింపదు. వీధితలుపు తీసి నడిమియింటికి తాళము వేసినట్లున్నది.

కోడు బయటపెట్టినచో దొంగలకు దారి తెలియునని యొక వాదము కలదు. మూసిన డ్రైవరులలోను ఇవే మెమొరీ దోషములున్నట్లు ఆ సంస్థల భద్రతాప్రకటనలే చెప్పుచున్నవి. తాళము దొంగను ఆపలేదు. బాగుచేయవచ్చిన వానిని ఆపినది. మూసిన మాడ్యూలు చేరిన కెర్నెలు తనకు కళంకము సోకినట్లు తానే గురుతు వేసికొనును; అట్టి యంత్రముల ఫిర్యాదులను కెర్నెలు నిర్మాతలు సాధారణముగా విచారింపరు.

మన ప్రభుత్వము 2024 మార్చిలో కృత్రిమమేధా కార్యక్రమమునకు పదివేల కోట్ల రూపాయలకు పైగా మంజూరుచేసినది. అందొక ముఖ్యభాగము గ్రాఫిక్సు చిప్పులను సమకూర్చుటకే. ప్రజాధనముతో వాడు ప్రతి చిప్పునకును డ్రైవరు కోడును, పత్రములును బహిరంగముగా నుండవలెనని ఒప్పందముననే వ్రాయించుకొనుట ప్రభుత్వ ధర్మము. ఎన్విడియాకును, ఏఎండీకిని హైదరాబాదున పెద్ద కార్యాలయములున్నవి. వాని ద్వారములకడ ఉద్యోగమునకై నిలుచు మన యువకులు కళాశాలలోనే యొక్క బహిరంగ డ్రైవరు దోషమునైన పట్టి సరిదిద్దియుండునట్లు విశ్వవిద్యాలయములవారు పాఠ్యక్రమమును మార్చవలెను. దీనికి కొత్త ధనమక్కరలేదు, పాత కంప్యూటరు చాలును.